సిరాబుడ్డికి తాళమా?

గ్యాసు సిలిండరు మార్చడం చేతకాని ఇల్లాలు ఇవాళ మన గోదావరి జిల్లాల్లో ఎక్కడైనా వుందంటే నేను నమ్మను. ఇనుముతో కలిపి ముప్ఫై కిలోల బరువు, నిప్పు తగిలితే ఇల్లు లేపేసే వాయువు. అయినా సరే, తాడు లాగి మూత తీస్తుంది, లోపల రబ్బరు రింగు వుందో లేదో వేలితో తడిమి చూస్తుంది, రెగ్యులేటరు పెట్టి టక్కుమనేదాకా నొక్కుతుంది. పొయ్యి మీద పప్పు సగం ఉడికి ఆగిపోయిందన్న ఆదుర్దాలో కూడా ఆ పనికి రెండు నిమిషాలు పట్టదు.

అదే ఇల్లాలు ప్రింటరులో ఇంకు కాట్రిడ్జి మార్చవలసి వచ్చేసరికి, "మా అబ్బాయి శనివారం వస్తాడు లెండి, వాడు చూస్తాడు" అంటుంది. గుప్పెట్లో ఇమిడిపోయే ప్లాస్టిక్ డబ్బా అది. పేలదు, మండదు, కరవదు.

కారణం ఏమిటని ఇంట్లో మగవారిని అడిగి చూడండి. "మీ ఆడవాళ్ళకి మిషన్లంటే భయం కదండీ, ఆయ్" అని ఓ చిరునవ్వు పారేస్తారు. వెటకారం గోదావరి నీళ్ళతోబాటు తాగిన వాళ్ళాయె. మిక్సీ జారు విప్పి బిగించేది ఎవరు, కుట్టుమిషను బాబిన్‌లో చిక్కుపడ్డ దారం తీసేది ఎవరు, ఇన్వర్టరు బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు పోసేది ఎవరు అని తిరిగి అడిగితే మాత్రం పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటారు. మిషనంటే మనకి భయం లేదండీ. తప్పు ఆ డబ్బాది. కాదు, ఆ డబ్బాని అలా చేసినవాడిది.

ప్రింటరు గొడవ మనకెందుకని పేజీ తిప్పేయకండి. 2020లో బళ్ళు మూతబడి పాఠాలన్నీ ఫోనులోకి వచ్చిపడ్డప్పటి నుంచీ చాలా ఇళ్ళల్లో అది ఓ బల్ల సంపాదించుకుని కూర్చుంది. పిల్లల ప్రాజెక్టులు, హాలు టిక్కెట్లు, ఆధార్ నకళ్ళు, మామగారి పెన్షను కాగితాలు, పొలం అడంగలు, పెళ్ళివారికి పంపే జాతకం అన్నీ దాని నోట్లోంచే రావాలి. కొన్నది ఎవరైనా, దాని చాకిరీ ఎవరి నెత్తిన పడుతోందో మీకు నేను చెప్పక్కర్లేదు. రాత్రి తొమ్మిదిన్నరకి, "రేపు ఇండియా మ్యాపు అతికించి తెమ్మన్నారు" అని పిల్లవాడు చెప్పేది అమ్మతోనే గదా!

కొందరికి ఇది కూటి సంగతి కూడాను. మా వీధిలో ఒకావిడ పాతికమంది పిల్లలకి లెక్కలు ట్యూషను చెబుతారు. భర్త పోయాక ఇంటికి వచ్చే రాబడి అదొక్కటే. వారం వారం పరీక్ష కాగితాలు ఇంట్లోనే తీసుకుంటారు. కంపెనీ కాట్రిడ్జి ధర భరించలేక, షాపులో దొరికే వేరే రకం చవక డబ్బాతో కొన్ని నెలలు హాయిగా నడుపుకున్నారు. ఓ రాత్రి ఆ ప్రింటరు ఇంటర్నెట్లోంచి ఏదో 'అప్‌డేట్' తనంతట తాను తెచ్చుకుంది. మర్నాడు అదే డబ్బాని, నిన్నటిదాకా కాగితాలు తీసిన డబ్బాని, సగానికి పైగా సిరా వున్నదాన్ని, "ఇది పనికిరాదు" అని తోసిపుచ్చింది. ఆవిడ పిల్లలందరికీ ప్రశ్నలు నల్లబల్ల మీద రాసి పరీక్ష పెట్టారు. పరీక్ష ఆగలేదు కానీ ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదలటం లేదు. "ప్రింటరు నాదా అండీ, వాళ్ళదా?"

ఆ ప్రశ్నకి తర్వాత వస్తాను. ముందు డబ్బా తీసే తంతు చూడండి. ప్రింటరుకి కరెంటు ఆపేసి మూత తెరిచారా, డబ్బాలుండే బండి ఓ మూలకి ఒదిగి అక్కడే బిగుసుకు కూర్చుంటుంది, ఎంత లాగినా రాదు. కరెంటు వుండగానే తెరవాలి. అప్పుడది గరగరమంటూ నడిచి చెయ్యి అందే చోటికి వస్తుంది. వచ్చి ఆగేదాకా చెయ్యి పెట్టకూడదు. "ముందు స్విచ్చి ఆపు, తర్వాత ముట్టుకో" అని పుట్టింటా అత్తింటా నేర్పిన మనకి ఇది తలకిందుల పాఠం. ఈ ఒక్క ముక్క మూత మీద తెలుగులో రాస్తే ఎంత బాగుండును! నేను చూసిన ప్రింటర్లలో ఒక్కదాని మీదా లేదు. బొమ్మలు మాత్రం వుంటాయి. ఓ చెయ్యి, ఓ బాణం, ఓ అడ్డగీత. ఆ బాణం పైకి లాగమంటోందో కిందికి నొక్కమంటోందో గీసినవాడికే తెలియాలి.

పైగా ఒక్కో కులానిది ఒక్కో ఆచారం. ఒకదాన్ని ముందువైపు కిందికి నొక్కితే వదులుతుంది. ఇంకోదానికి మీట వుంటుంది, దాన్ని కదపాలి. మరోదానికి కొక్కెం వుంటుంది, వేలితో అదిమిపట్టి డబ్బాని పైకి లాగాలి. నొక్కవలసినదాన్ని లాగినా, లాగవలసినదాన్ని నొక్కినా 'పటుక్' మంటుంది. ఇక మీ పని వారంటీ కాగితం వెతుక్కోవడమే. చీకటి గుహలాంటి ఆ లోపల, నల్ల డబ్బా పక్కన, నల్ల మీట! దానికి రవ్వంత పసుపుపచ్చ రంగు పూస్తే కంపెనీవాడి సొమ్మేం పోయింది?

కొత్త డబ్బా పెట్టడం ఇంకో వ్రతం. దాని మూతికి అంటించిన టేపు లాగాలి, లాగకపోతే చుక్క సిరా రాదు. లాగేటప్పుడు అక్కడి రాగి చుక్కల్ని ముట్టుకోకూడదు. చేతి జిడ్డు అంటుకుంటే, కళ్ళెదుట డబ్బా పెట్టుకుని 'డబ్బా లేదు' అంటుంది యంత్రం. సిరా చిమ్మే సన్న రంధ్రాల పలకనీ తాకకూడదు. మడికట్టుకున్న మామ్మగారు కూడా ఇంత పట్టింపు చెయ్యలేదమ్మా!

ఇంతా చేసి, నెంబరు తప్పితే అన్నీ దండగ. ఒకే కంపెనీ, అన్నదమ్ముల్లాంటి రెండు ప్రింటర్లు. హెచ్.పి. వారి డెస్క్‌జెట్ 2131కి 803 నెంబరు డబ్బా, 2135కి 680 నెంబరు డబ్బా. ఆ ప్రింటర్లని పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా వుంటాయి. ఒకదాని డబ్బా రెండోదాంట్లో పనికిరాదు. (గ్యాసు హెచ్.పి. వేరు, ఈ హెచ్.పి. వేరు. గ్యాసుది మన హిందుస్థాన్ పెట్రోలియం. మా పక్కింటావిడ ఒకటే అనుకుని ప్రింటరు గురించి గ్యాసు ఏజెన్సీ కుర్రవాణ్ణి నిలబెట్టి కడిగేసింది పాపం.)

రంగుల డబ్బా సంగతి చెబితే మీకు ఒళ్ళు మండుతుంది. చిన్న ప్రింటర్లలో చాలావాటికి నలుపు ఒక డబ్బా, రంగులన్నీ కలిపి ఇంకో డబ్బా. ఈ రెండోదాంట్లో మూడు అరలుంటాయి. లేతనీలం, గులాబీ ఎరుపు, పసుపు. పిల్లవాడు పొద్దుతిరుగుడు పువ్వులు నాలుగు తీశాడనుకోండి, పసుపు అర ఖాళీ. మిగతా రెండు అరలూ నిండుగా వున్నా డబ్బా మొత్తం చెత్తబుట్టలోకే. పోపులడబ్బాలో ఆవాలు అయిపోయాయని జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు అన్నీ కలిపి డబ్బాతో సహా పారేసి, కొత్త పోపులడబ్బా కొనుక్కొచ్చే ఇల్లాలిని మీరెక్కడైనా చూశారా? చూస్తే ఆవిడ గురించి ఏమనుకుంటారు? అదే పని కంపెనీవాడు మన చేత చేయిస్తే దానికి 'టెక్నాలజీ' అని పేరు!

విచిత్రమేమిటంటే ఈ కాట్రిడ్జి పుట్టిందే మన సులువు కోసం. 1977లో జపానులో కేనన్ కంపెనీ ప్రయోగశాలలో, కాలిన సోల్డరింగ్ కడ్డీ ఒకటి సిరా వున్న సూదికి తగిలి, సిరా తటాలున చిమ్మిందట. వేడికి లోపల బుడగ పుట్టి ముందున్న చుక్కని బయటికి నెట్టింది. మూతపెట్టిన గిన్నెలోంచి పప్పు చిమ్మడం లాంటిదే, మనకి కొత్త కాదు. అదే సూత్రాన్ని విడిగా కనిపెట్టుకున్న హ్యూలెట్ పాకార్డ్ వారు 1984లో థింక్‌జెట్ అని ఓ ప్రింటరు తెచ్చారు. సిరా చిమ్మే మూతి మహా సుకుమారం, ఊరికే పూడుకుపోతుంది. అందుకని మూతినీ సిరానీ ఒకే డబ్బాలో పెట్టి, అయిపోగానే మెకానిక్కు అక్కర్లేకుండా ఎవరైనా తీసి ఇంకోటి పెట్టుకునేలా చేశారు. ఎంత మంచి ఆలోచన! మెకానిక్కుని తప్పించడానికి పుట్టిన వస్తువు కోసం ఇవాళ మనం మెకానిక్కుని పిలుస్తున్నాం.

సిరా గురించి గోదావరి గట్టున వున్నవాళ్ళకి ఒకరు పాఠం చెప్పడమేమిటండీ అసలు? కాగితం మిల్లు మన రాజమండ్రిది. కలం మన రాజమండ్రిది. గాంధీగారి స్వదేశీ బోధ తలకెక్కించుకున్న కె.వి. రత్నంగారు 1932లో ఇక్కడ రత్నం పెన్నుల పని మొదలుపెట్టారు. వార్ధాలో గ్రామ పరిశ్రమల సంఘం చూస్తున్న కుమారప్పగారి ద్వారా ఆ కలం గాంధీగారికి అందింది. బజారులో దొరికే విదేశీ కలాలకి ఇది మంచి బదులేనని ఆయన 1935లో స్వయంగా ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం గురించి ఊళ్ళో ఎవరైనా చెబుతారు. కలం లోపలి సంగతి నేను చెబుతాను.

ఎబొనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. దాన్ని తరిణె మీద చేత్తో తిప్పి చేసిన గొట్టం, దానికి మరలు, పైన పాళీ, కింద నాలిక, ఓ మూత. అంతే! సిరా అయిపోతే మర విప్పడం, డ్రాపరుతో గొట్టంలో పోయడం, మర బిగించడం. అయిదో క్లాసు పిల్ల కళ్ళు మూసుకుని చేసేది. బొమ్మల కాగితం అక్కర్లేదు, బాణం అక్కర్లేదు. కుడివైపుకి తిప్పితే బిగుస్తుంది, ఎడమవైపుకి తిప్పితే వదులుతుంది, పచ్చడి జాడీ మూత లాగే. బ్రిల్ ఇంకు పోసినా రాసింది, కామెల్ పోసినా రాసింది. పక్క బెంచీ పిల్ల అయిదు చుక్కలు అప్పిచ్చినా రాసింది. "ఇది మా కంపెనీ సిరా కాదు" అని అలిగి కూర్చున్న కలం నా ఎరుకలో లేదు.

దానికి లోపాలు లేవని కాదు. గొట్టంలో సిరా తగ్గి గాలి పెరిగితే, చేతివేడికి ఆ గాలి వ్యాకోచించి బొట్టు బొట్టుగా కక్కేది. ఎన్ని తెల్లజాకెట్లు నీలమయ్యాయో, ఎంతమంది తల్లులు నిమ్మకాయ, ఉప్పు పెట్టి రుద్దారో! కానీ కక్కినా తుడుచుకోవడం మన చేతుల్లో వుండేది. పాళీ అరిగితే పాళీ మార్చేవాళ్ళు, నాలిక పగిలితే నాలిక. తాతగారి కలంతో మనవరాలు పరీక్ష రాసిన ఇళ్ళున్నాయి. అమ్మమ్మ ప్రింటరుతో మనవరాలు కాగితం తీసిన ఇల్లు మీకు తెలిస్తే నాకు ఓ కార్డు రాయండి.

కలాల్లోకీ కాట్రిడ్జిలు వచ్చాయి, కాదనను. అయితే యూరపులో చాలా కంపెనీలు ఒకే కొలతకి ఒప్పుకున్నాయి. ఒకరి గొట్టం ఇంకొకరి కలంలో పడుతుంది. పార్కరు, లామీ లాంటివాళ్ళు సొంత కొలత పెట్టుకున్నారనుకోండి. అయినా ఖాళీ గొట్టంలో సూదితో సిరా నింపుకుంటే ఆ కలాలేవీ వద్దనవు, ఎందుకంటే కలానికి మెదడు లేదు. ప్రింటరు డబ్బాకి ఓ బుల్లి చిప్పు పెట్టారు, తంటా అంతా దానితోనే. సిరా ఎంత వుందో చెప్పడానికట. చెబితే మంచిదే. కానీ మన సిరా మంచిచెడ్డలు చెప్పమని పెట్టిన ఆ కాపలావాడు, మన వంటింట్లోకి మనం తెచ్చుకున్న సరుకుని గుమ్మంలోనే ఆపేస్తున్నాడు.

ఇది నా ఊహ కాదు. 2016 సెప్టెంబరు 13న, హెచ్.పి. వారి కొన్ని రకాల ఆఫీస్‌జెట్ ప్రింటర్లు వేరే కంపెనీల డబ్బాలని ఒక్కసారిగా తిరస్కరించాయి. నెలల ముందే ప్రింటర్లలోకి పంపిన ప్రోగ్రాం ఆ రోజున కళ్ళు తెరిచింది. గొడవయ్యాక, ముందుగా సరిగా చెప్పనందుకు కంపెనీ క్షమాపణ చెప్పింది. గమనించండి, చేసినందుకు కాదు, చెప్పనందుకు! ఇంకా నవ్వొచ్చేది 2022లో జరిగింది. లోకమంతా చిప్పుల కరువొచ్చి, కేనన్ వారికి తమ ఆఫీసు మిషన్ల టోనరు డబ్బాలకే చిప్పులు దొరకలేదు. వాళ్ళ మిషన్లు వాళ్ళ సొంత డబ్బాలనే పరాయివనుకుని హెచ్చరికలు చేయడం మొదలుపెట్టాయి. అప్పుడు జర్మనీలో కేనన్ వారే ఖాతాదార్లకి ఆ హెచ్చరికని ఎలా దాటెయ్యాలో చెప్పవలసి వచ్చింది. చిప్పు లేకపోయినా అచ్చు ఆగదని కంపెనీ నోటితోనే తేలిపోయింది గదా!

2017లో అమెరికా సుప్రీంకోర్టు లెక్స్‌మార్క్ కంపెనీ వ్యాజ్యంలో, ఒకసారి అమ్మేసిన కాట్రిడ్జి మీద పేటెంటు హక్కు పేరుతో కంపెనీ పెత్తనం చెలాయించడం కుదరదని చెప్పింది. అమ్మినవాడి హక్కు అమ్మకంతో సరి. మా ట్యూషను ఆవిడ అడిగిన ప్రశ్న కోర్టుల దాకా వెళ్ళొచ్చిందన్నమాట.

కంపెనీవాళ్ళ మాటా వినాలి. "చచ్చు సిరా పోస్తే రంధ్రాలు పూడుకుంటాయి, రంగు వెలిసిపోతుంది, తర్వాత మమ్మల్ని అంటారు." ఇందులో నిజం వుంది. నాసి సిరాతో తీసిన పెళ్ళి ఫోటో ఏడాది తిరక్కుండా వెలవెలబోవడం నేనూ చూశాను. అయితే హెచ్చరించండి, ఎవరు కాదన్నారు? పెద్దక్షరాలతో చెప్పండి. కల్తీనూనె వాడితే మూకుడు పాడవుతుందని మూకుడు అమ్మినవాడు చెప్పచ్చు. కానీ మా నూనె సీసా చూసి మా పొయ్యి ఆర్పేసే అధికారం వాడికెక్కడిది? అసలు సంగతి నాణ్యత కాదు, బేరం. ఏనుగుని చవగ్గా ఇచ్చేసి, అంకుశానికి ఏనుగు ధర గుంజే బేరం.

"ఇప్పుడు ఇంకు ట్యాంకు ప్రింటర్లు వచ్చాయి కదా, ఇంకెందుకు గొడవ" అంటారు కొందరు. వచ్చాయి, సంతోషం. ఎప్సన్ వారు 2010లో ఇండోనేషియాలో మొదలుపెట్టి తర్వాత మన దేశానికీ తెచ్చారు. మన మాదిరి దేశాల్లో జనం ప్రింటర్లకి చిల్లులు పెట్టి, పక్కన సీసాలు కట్టి, గొట్టాలు వేసుకుని నడుపుకోవడం చూశాక కంపెనీలకి బుద్ధి వచ్చింది. సీసాతో సిరా పోసుకోవడమే. కొన్ని మోడళ్ళలో ఎరుపు సీసా మూతి నీలం ట్యాంకులో దూరనే దూరదు. ట్యాంకు నిండగానే ధార దానంతటదే ఆగిపోతుంది. చెయ్యి నీలమవదు, చీర పాడవదు. చూశారా, సులువుగా చేయడం వాళ్ళకి చేతకాక కాదు, మనసొప్పక! ఆ సులువంతా ధర ఎక్కువ పెట్టగలిగినవాళ్ళకి. చవక ప్రింటరు కొన్నవాళ్ళకి మాత్రం పాత వ్రతమే, పాత నల్లమీటే. ఎవరికి సిరా ఖర్చు భారమో వాళ్ళ డబ్బాకే తాళం ఎక్కువ.

మన ఎండల గురించి కూడా ఎవరూ ఆలోచించలేదు. మే నెల సెలవులకి పిల్లలు అమ్మమ్మగారింటికి వెళతారు, ప్రింటరు నోరు మూసుకు కూర్చుంటుంది. జూనులో బడి తెరిచేసరికి మూతి ఎండిపోయి వుంటుంది. 'క్లీనింగ్' నొక్కమంటారు. నొక్కిన ప్రతిసారీ సిరా చిమ్మించి అడుగునున్న మెత్తలోకి పారబోస్తుంది. అట్లకాడ కడగడానికి నేతిడబ్బా ఒంపినట్టు! మూతిని మాత్రం విడిగా తీసి, వేడినీళ్ళలో ముంచి, తుడిచి పెట్టుకునే వీలు ఇంటివాళ్ళకి ఇవ్వకూడదా?

ప్రభుత్వం ఏం చేస్తోందంటారా? 2016 ఇ-వ్యర్థాల నిబంధనల జాబితాలో ప్రింటర్లతోబాటు కాట్రిడ్జిలనీ పేరుపెట్టి చేర్చారు. పారేసే డబ్బా మీద శ్రద్ధ బాగానే వుంది, పారేయకుండా నింపుకునే డబ్బా మీదే ఇంకా పుట్టలేదు. 2022 డిసెంబరులో, వస్తువుల్ని మనమే బాగుచేయించుకునే హక్కు కోసమంటూ కేంద్రం ఓ పోర్టలు కూడా పెట్టింది. మంచిదే. యూరపువాళ్ళు అన్ని ఫోన్లకీ ఒకటే రకం చార్జరు రంధ్రం వుండాలని చట్టం చేసి, 2024 డిసెంబరు చివరి నుంచి అమలులో పెట్టారు. మన బల్బు చూడండి, ఏ కంపెనీ బల్బయినా అదే హోల్డరులో రెండు చెవులతో పడుతుంది. ఇండేన్ సిలిండరు మార్చడం వచ్చినావిడ భారత్ గ్యాసు సిలిండరు ముందు బిత్తరపోదు. బల్బుకీ గ్యాసుకీ కుదిరిన పద్ధతి గుప్పెడు డబ్బాకి కుదరదా? డబ్బా తీసే విధానం అందరికీ ఒకటే వుండాలి. పట్టుకునే చోటు, నొక్కే చోటు చీకట్లో కూడా కనపడే రంగులో వుండాలి. మూత లోపల తెలుగులో నాలుగు ముక్కలు వుండాలి. రంగులకి విడివిడి అరలు, విడివిడిగా వచ్చేలా వుండాలి. చిప్పు కబుర్లు చెప్పచ్చు కానీ తలుపు వేయకూడదు. ఇవేమన్నా చంద్రుణ్ణి అద్దంలో అడగడమా?

ఈలోగా మన చేతిలో వున్నది బేరం. మట్టికుండ కొంటే వేలితో కొట్టి చూస్తాం. పుచ్చకాయ కొంటే చెవి దగ్గర పెట్టి చూస్తాం. వేలు పోసి కొనే ప్రింటరుని మాత్రం అట్టపెట్టెలోనే చూసి ఆటో ఎక్కించుకు వచ్చేస్తాం! ఈసారి మెయిన్‌రోడ్డులో షాపుకి వెళ్ళినప్పుడు, అబ్బాయినీ ఆయన్నీ బయట నిలబెట్టి, కౌంటరు కుర్రవాణ్ణి మీరే అడగండి. "మూత తెరువు నాయనా, డబ్బా నేను తీసి, నేనే పెట్టి చూస్తాను." సీలు తీయకూడదండీ అంటాడు. షోకేసులోదే తెమ్మనండి. రంగులు విడివిడిగా వస్తాయా, వేరే సిరా పోస్తే ఒప్పుకుంటుందా, కాట్రిడ్జి ధరెంత, దాంతో ఎన్ని పేజీలొస్తాయి అని ఒక్కొక్కటే అడగండి. వాడు తల గోక్కుని ఓనరుని పిలుస్తాడు. ఓనరునీ అడగండి. ఆయనకీ డబ్బా తీయడం రాకపోతే, సంచీ చంకన పెట్టుకుని పక్క షాపుకి నడవండి.